నవంబరు నీళ్ళు

గోడ మీది మ్యాపులో ఇంకో చుక్క పెట్టింది ఆర్డీలియా.
నికరాగువా తూర్పు ఒడ్డు, మిస్కీటోల పల్లె.
రేడియో స్పానిష్‌లో అంకెలు చెబుతుంటే
ఆమె తన భాషలో గొణుక్కుంటోంది:
పద్నాలుగున్నర, ఎనభై ఒకటి,
పడమరకి. ఇంకా పడమరకే.

ఈపాటికి ఉత్తరపు గాలి తిరగాలి.
తుఫాను పేర్ల జాబితా అటకెక్కాలి.
ఇక్కడేమో పూటకో చొక్కా తడుస్తోంది.

లాబ్‌స్టర్ల కోసం మునిగే హార్లన్
నిన్న పడవ దిగి, చెవిలో నీళ్ళు దులుపుకుంటూ అన్నాడు:
"పన్నెండు బారల లోతున కూడా చలి లేదత్తా.
అక్కడెప్పుడూ ఓ చన్నీటి పొర
పక్కటెముకల్ని గిల్లేది.
ఎంత వెతికినా కనబడలేదు."
ఇంట్లో దొంగలు పడ్డట్టు చెప్పాడు.

ఆర్డీలియా ఏమీ అనలేదు.
రేకుల మీదికి పాత టైర్లు ఎక్కించింది,
బియ్యం డబ్బా మూతకి మైనం పూసింది,
కోళ్ళని చర్చికి పంపింది
(ఊళ్ళో సిమెంటు గోడలు దేవుడికొక్కడికే).
మళ్ళీ వచ్చి మ్యాపు ముందు కూర్చుంది.

పాత ఏళ్ళ చుక్కలూ దీని మీదే.
రబ్బరుతో చెరిపినా గాడి పోలేదు.
కరెంటు లేని రాత్రి వేలితో తడిమితే
ఏది ఎటునుంచి వచ్చిందో తెలుస్తుంది.

ఊరి పేరు అచ్చులో లేదు,
ఎప్పుడో తనే సిరాతో రాసుకుంది.
తర్వాతి చుక్క పడే చోట
బొటనవేలు అడ్డం పెట్టి
పెన్సిలు చెక్కుకుంటోంది, పళ్ళతో.

ఆరింటి వార్తలకి
ఇంకా ఇరవై నిమిషాలు.