అంగుళం ఎత్తు అక్షరాలు

కాదనడానికి కూడా ఓ కొలత ఉందని
లోరీన్ చెప్పేదాకా నాకు తెలీదు.
అంగుళానికి తగ్గకూడదు అక్షరం,
వెనక రంగులో రాత కలిసిపోకూడదు,
ఇంగ్లీషులోనూ స్పానిష్‌లోనూ ఉండాలి,
లోపలికొచ్చేవాడి కంటపడాలి.
అలాగైతేనే, ఈ టెక్సస్‌లో,
చొక్కా కింద తుపాకీ దాచుకున్న మనిషిని
బయటే ఆపే హక్కు
గడప గల మనిషికి.

నేను బోర్డులు రాసేవాణ్ణి.
పత్తి మిల్లులకి, టైర్ల కొట్లకి,
చెరువన్నది లేని ఈ ఊళ్లో ఓసారి
పడవకి కూడా పేరు రాశాను.
చేతి నిండా ఎప్పుడూ 'రండి' అనే మాటే.

"ఇంత పొడుగెందుకు, 'వద్దు' అంటే చాలదా?"
"చాలదట. చట్టం మాటలే ఉండాలట.
కొట్టు నాది గానీ మాటలు నావి కావు"
దువ్వెనలు నీలం నీళ్లలో ముంచుతూ అంది.

తల అప్పగించడానికి వచ్చినవాళ్లకి
గుడ్డ కప్పేది తనే.
మెడ దగ్గర ముడేసినప్పుడు కాదు,
నడుం దగ్గర అంచు సర్దినప్పుడు
తెలుస్తుందట చేతికి,
ఇనుమే, కానీ ఒంటి వేడితో వెచ్చగా.
ముప్ఫై ఏళ్లు తెలిసీ ఊరుకుంది.
మొన్న మార్చిలో, తండ్రి ఒళ్లో కూచుని
మొదటి క్షవరానికి గుక్కపెట్టిన ఓ పిల్లాడి చెయ్యి
పట్టు కోసం వెతుక్కుంటూ
చొక్కా కిందికి పోయింది.
ఏమీ పేలలేదు.
ఏమీ జరగలేదు గనక
ఎవరికీ చెప్పుకోడానికీ లేదు.
ఆ రాత్రి మాత్రం
ఊడ్చిన చోటే ఊడుస్తూ ఉండిపోయిందట.

రెండు రోజులు రాశాను.
మా అమ్మ మాట్లాడిన భాష
ఈ వీధి అద్దాల మీద ఎప్పుడూ
అడుగున, ఇరుగ్గా, చోటు మిగిలితేనే.
ఇక్కడ అంగుళానికి అంగుళం.
'రావద్దు' దగ్గర సమానమయ్యాం.
నవ్వొచ్చింది, కుంచె వణికింది.

శనివారం తలుపు తీయకముందే హాయిట్ స్ట్రిక్‌లర్.
లోరీన్ పెళ్లికి
మాంసం పొయ్యి దగ్గర తెల్లార్లూ మేలుకున్నవాడు.
కళ్లజోడు పెట్టుకుని, వేలు ఆనించి,
బడిపిల్లాడిలా మొత్తం చదివాడు.
ఓ అక్షరం తడి వేలికి అంటుకుంది.

"నా పీక మీద కత్తి పెట్టావు ముప్ఫై ఏళ్లు,
కళ్లు మూసుకునే కూచున్నాను.
నువ్వు నన్ను నమ్మలేవా?"

"నిన్ను నమ్ముతాను హాయిట్,
వెనక్కి వాలే కుర్చీని నమ్మను."

"మరి మూడో సొరుగులో మీ ఆయనది?"

"ఇది నా కొట్టు"
అని ఆగింది.
చట్టం అక్కడితో సరిపోతుంది.
ఆమె మొహం చూస్తే
ఆమెకి సరిపోలేదని తెలిసింది.

బండిలో పెట్టి వస్తాడనుకున్నాం. పెట్టలేదు.
వెళ్లిపోతాడనుకున్నాం. వెళ్లలేదు.
టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు,
చెవుల మీద పడుతున్న నెరిసిన జుట్టుతో.

లోరీన్ లోపలికెళ్లి
మడత కుర్చీ ఈడ్చుకొచ్చింది,
గడప దాటించి, కాలిబాట మీద వేసింది.
కాలిబాట ఊరిది.
నేను రాసిన మాటలు అక్కడిదాకా రావు.

గాలికి గుడ్డ ఉబ్బింది, పట్టి సర్దింది,
నడుం దగ్గర చెయ్యి ఓ క్షణం ఆగింది,
మళ్లీ కత్తెర.
తెల్ల వెంట్రుకలు వీధి వెంట కొట్టుకుపోయాయి,
మిల్లు వైపు, పత్తికీ వాటికీ తేడా తెలీకుండా.
ఇద్దరూ వాన గురించే మాట్లాడుకున్నారు.

చిల్లర కోసం ఆమె లోపలికెళితే
అతను గుమ్మం బయటే ఉండి
చెయ్యి మాత్రం లోపలికి చాచాడు.

నేను స్కేలు తీసి
అలుక్కుపోయిన అక్షరాన్ని కొలిచాను.
ముప్పాతిక అంగుళం.
నాకు తెలిసినంతలో
పొద్దుట్నించీ ఆ బోర్డు లేనట్టే లెక్క.
అతను తిన్నగా లోపలికి నడిచి ఉన్నా
ఎవరూ అడగలేకపోయేవారు.

ఇద్దరిలో ఎవరికీ చెప్పలేదు.
నల్లరంగు డబ్బా మూత
గోటితో లేపాను.