కొట్టేసిన ధర

సిరొంచల నాది జిరాక్సు దుకాణం.
పాత ప్రింటరు దగ్గుకుంట
సాత్‌బారా కాగితాల మీద నల్లగీత గీస్తది,
ఎవల పొలమైనా సగానికి కోసినట్టు.

పొలాల అమాస నాటి నుంచి
ఉద్దెర బుక్కు వెనకట్ట మీద ధర రాసుకుంట వచ్చిన:
పదకొండు వేల రెండొందలు. మళ్ల పదకొండే.
దసరాకు వారం ముంగట
చప్పుడు చెయ్యక పదహారైంది.
పండుగనాడు ఆ పదహారును ఎర్రగీతతో కొట్టేసి
పదకొండున్నర, ఇయ్యాల ఒక్కరోజే అన్నరు.
గీతలు నాకు కొత్తనా?
ఫోను బోర్లేసి పండుకున్న.

దీపావళి పటాకుల కాగితాలు ఊడ్చేసినంక
దొరికింది: పెట్టె చినిగిందని వాపసొచ్చిన ముక్క,
తొమ్మిది వేల ఎనిమిదొందలు, వారంటీ పూరా.
నాలుగు మార్లు చదివిన, మెలిక యాడుందో దొరకలే.
మీ పిన్‌కోడుకు రాదన్నది ఫోను.
వంతెన అవతల, కాళేశ్వరంల
మా దుర్గం సడవలి చాయ్ బండి అడ్రసు రాసిన.
మోపెడ్ మీద
పసిపిలగాన్ని తెచ్చినట్టు తెచ్చుకున్న.

మొదటి కాగితం ఆత్రం లచ్చుబాయిది.
గీత లేదు.
ముసల్ది తిప్పి తిప్పి చూసి
"నా చెల్క పెరిగినట్టుందిరా" అన్నది.
రెండు రూపాయలంటే
ఒక్కటే చేతుల పెట్టి పోయింది.