ఇతర కారణములు

అజ్మాన్‌ల చేపల మార్కెట్ ఎనుక సందు.
మా టైపింగ్ సెంటర్‌ల ఏసీ దగ్గుతది, ఆగదు.
వీసా కాగితం, కిరాయి కాగితం, పుట్టుక కాగితం,
పదిహేనేండ్ల సంది మందికాగితాలే నా వేళ్లకింద.
చదువు ఆగిన కాగితం మాత్రం
మొన్ననే మొదటిసారి వచ్చింది.

తెచ్చిన పిల్ల పేరు హెప్సిబా.
లెటర్‌ను నాలుగు మడతలు పెట్టి
ఫోన్ కవర్ ఎనుక దాచుకున్నది, ప్రార్థన చీటీ లెక్క.
"మూడు సెమిస్టర్లు వరుసగా రెండుకు తక్కువ.
మీ చదువు ఇంతటితో ముగించడమైనది."
కింద చీమలసొంటి అక్షరాలు:
పది పనిదినాల్లో అప్పీలు చేసుకోవచ్చును.
ఆరు అయిపోయినయి.
చదువు పోతే వీసా పోతది. అది రాయలేదు.
రాయనక్కరలేదు, ఈ ఊర్ల అందరికి ఎర్కే.

ఈడనే పుట్టింది, తెలుగు మాట్లాడతది, చదవరాదు.
"ముందుగాల తెలుగుల చెప్పు బిడ్డా,
ఇంగ్లీషు నేను తొడుగుత" అన్న.

నాన్న కంపెనీ మూతబడ్డది.
అమ్మ మార్తమ్మ క్యారేజీలు మొదలుపెట్టింది.
మూడింటికి పోపు,
నాలుగున్నరకు లేబర్ క్యాంపు గేటు,
నలభై రెండు డబ్బాలు, ఒక ట్రాలీ, ఈ పిల్ల.
ఎనిమిదింటి క్లాసుల
స్టాటిస్టిక్స్ సారు సగటు చెప్తుంటే
తల బల్లమీద వాలేది.

నా వేళ్లు ఆగినయి.
లైసెన్సు లేని సాంబారును
ఏ అర్జీల రాస్తం?
ఫారం అడిగేది మూడే:
జబ్బా, చావా, యూనివర్సిటీ చేసిన తప్పా.
నాలుగో గడి, ఇతర కారణములు.
రెండు లైన్ల జాగ.

పక్క కుర్చీల ఏజెంటు గొంతు తగ్గించి
"డాక్టర్ కాగితం, రెండొందల దిర్హాంలు" అన్నడు.
పిల్ల నా దిక్కు చూసింది.
దొంగ కాగితం ఎట్ల దొరుకుతదో
నేను మస్తుసార్లు చూసిన:
ముద్ర నున్నగనే ఉంటది,
ఆ తారీఖున ఆ దవాఖాన బందుంటది.
వద్దన్న.

"హెచ్చరిక ఎప్పుడిచ్చిండ్రు?"
"ఇవ్వలేదంకుల్."
"ఇచ్చినమని ఉన్నది ఈడ. మార్చి పదకొండు. పోర్టల్‌ల."
"పోర్టల్ ఫిబ్రవరిలోనే లాక్ చేసేశారు.
ఫీజు కట్టేదాకా తెరుచుకోలేదు."
రశీదు అడిగిన. బ్యాగు మొత్తం గుమ్మరించింది:
కాలిక్యులేటర్, తెగిన హెడ్‌ఫోన్లు, మిరియాల పొట్లం,
దానికింద
మే ఇరవై.

అగో.
తాళం వాళ్లదే, తాళంచెవి వాళ్లదే.
పెట్టెల చీటీ ఏసి తాళం పెట్టి
ఎందుకు చదువుకోలేదని అడుగుతున్నరు.

గదే రాసిన.
"దయచేసి" ఒక్కసారే పెట్టిన, మొదట్ల.
తర్వాత అన్నీ తారీఖులే.
సలహాదారు ఒక్కనాడన్న పిలవని సంగతి.
రశీదు జతపరచడమైనది.
వచ్చే సెమిస్టర్ ఐదు కాదు, మూడు సబ్జెక్టులే తీసుకుంటానని మాట.
ఇతర కారణముల కాడ
కర్సర్ చానాసేపు రెప్పలు కొట్టింది.
"ఇంటి పరిస్థితుల వలన నిద్ర చాలలేదు."
అంతే. అబద్ధం లేదు. సాంబారూ లేదు.

చదివి వినిపిస్తే
"ఇది నేనేనా" అన్నది.
ఇంగ్లీషుల నిటారుగ నిలబడ్డ ఆ పిల్లను
ఇద్దరం కొంచెంసేపు చూసినం.

"గెలుస్తామా అంకుల్?"
"గెలుసుడు నాకు తెల్వది.
కని చదవకుండ పక్కకు పెట్టేతందుకు మాత్రం
వాళ్లకు జాగ ఇయ్యలేదు."

ముప్పై దిర్హాంలు తీసుకున్న.
తీసుకోకుంటే అది అర్జీ కాదు, అడుక్కునుడైతదని.
పోతపోత ఒక డబ్బా పెట్టి పోయింది.

కమిటీ మూడు వారాలంటది.
కడిగిన డబ్బా ప్రింటర్ పక్కన బోర్లించి ఉన్నది.
ఉత్త గిన్నె వాపసియ్యొద్దంటుండె మా అవ్వ.
ఏమేసియ్యాల్నో తోచలేదు ఇంక.
మూతకు ఇంగువ వాసన పోలేదు.