గాలికి తొవ్వ

జులై నెల. ముహర్రక్‌ల పగటి పన్నెండు.
మెట్ల ఇనుప కమ్మి ముట్టుకుంటే
అట్ల పెంక మీద చెయ్యి పెట్టినట్టే.
బడికి సెలవులు. కిందికి దిగుడు లేదు.
మా జోషిత నేల మీద బోర్ల పండుకొని
పాత లాండ్రీ బిల్లు ఎనుక
హల్వా ముక్క గీస్తున్నది.

ఎర్రగ, కుంకుమపువ్వు రంగుల,
పైన మూడు జీడిపప్పులు,
రెండు కండ్లు, ఒక మూతి.
నవ్వాల్నో ఏడ్వాల్నో
మూతి ఇంకా తేల్చుకోలె.

"నాయినా, టేపు."
తెచ్చిన.
"ఇది కాదు, అద్దం లెక్క అవుపడేది."
మళ్ల దిగిన, మళ్ల ఎక్కిన.
రెండొందల ఫిల్సులు, ఒక తడిసిన బనీను.

కాగితం మీద టేపు అతికేటప్పుడు
బిడ్డ ఊపిరి బిగవడ్తది.
ఒక్క బుడగ మిగిలినా ఒప్పుకోదు.
స్కేలు అంచుతోని అంచుదాకా నూకుతది,
అబూ నాసర్ తెల్ల తోబు కాలరు మీద
నేను ఇస్త్రీపెట్టె నూకినట్టే.
నేర్పలే. ఎప్పుడు చూసిందో.

ఇగ లోపట కూరేతందుకు దూది గావాలె.
ఇంట్ల దూది ఉన్నది దిండుల ఒక్కటే.
రాత్రి డ్యూటీ చేసొచ్చిన సుజల
దాని మీదనే తల పెట్టి పండుకున్నది.
ఇద్దరం ఒకరి మొఖం ఒకరం చూసుకున్నం.
వద్దు.

అప్పుడు యాదికొచ్చింది
తలుపు ఎనుక నా సంచి.
చినిగిన లాండ్రీ కవర్లు,
పారేయబుద్ధిగాక పదకొండేండ్ల సంది
కుక్కి కుక్కి పెట్టినయి.
ఎవరెవరియో పెండ్లి కోట్లు,
విమానం నడిపేటోళ్ల చొక్కాలు
ఒక్క పూట ఏసుకొని తిరిగిన కవర్లు.

కత్తెరతోని పేలికలు చేసి
హల్వా కడుపుల కూరినం.
అంచులు నేనే మూసిన,
చీమ జొరకుండ, గాలి జొరకుండ.
మూట కట్టుడు, సీలు ఏసుడు
నాకంటే ఎవలకు ఎరుక?

బిడ్డ పిసికింది.
ఠప్.
హల్వా పక్క పలిగింది.
కవర్లు పేగులోలె బయిటవడ్డయి.
నిద్రలనే సుజల అటు మర్లింది.

జోషిత ఏడ్వలె.
పలిగిన కాడ ఏలు పెట్టి చూసింది,
వాళ్లమ్మ దావఖానల పుండును చూసినట్టు.
"నాయినా, నువ్వు మొత్తం మూసినవ్.
గాలి ఎటు పోవాలె?"

జవాబు నాకు దొర్కలె.
ఒక అర్రను రెండు చేసిన చెక్క గోడ దిక్కు చూసిన.
అవుతల మారిసెల్
ఫోన్ల ఎవలతోనో గుసగుసగ మాట్లాడుతున్నది,
మేం ఇంటమని కాదు, సుజల లేస్తదని.

రెండో హల్వాకు
బిడ్డ నా సూదిపెట్టె తెచ్చింది.
గుండీలు కుట్టే సన్న సూది.
మూతి పక్కన ఒక్క చిల్లు,
పుట్టుమచ్చ లెక్క.

పిసికితే స్స్‌స్ అని ఊపిరి ఇడుస్తది.
అరచేతుల అంత చిన్నగ ముడుచుకుంటది.
ఇడిసినంక లేస్తది, తొందర లేదు దానికి,
ఒక మూల ముందుగాల,
ఇంకో మూల కొంచెం ఆలోచించి,
లోపట కవర్లు గలగల.
పిసికినప్పుడు దాని మూతి నవ్వుతది.
ఇడిస్తే మళ్ల ఎటూ తేల్చుకోదు.

కుడిచేతి బొటనవేలు కాడ నాకో నరం ఉన్నది,
దినాం మూడొందల చొక్కాలకు అలిగిన నరం.
రబ్బరు బంతి పిసుకుమన్నడు డాక్టరు.
కొంట కొంట అనుకుంటనే రెండు రంజాన్లు పోయినయి.
బిడ్డకు గా ముచ్చట ఎవలు చెప్పిండ్రో,
హల్వా తెచ్చి నా జేబుల పెట్టింది.
"దినాం నూరుసార్లు. లెక్క రాసుకొచ్చి చూపియ్యాలె."

మాపటికి దుకాణంల, ఆవిర్ల నడుమ,
తోబు కోసం వచ్చిన అబూ నాసర్ అడిగిండు
జేబుల గా ఎర్రదేందని.
చేతికిచ్చిన.
ఒత్తిండు. చెవి కాడ పెట్టుకున్నడు. మళ్ల ఒత్తిండు.
తోబు తీసుకునుడు మర్చి
తలుపు దాక పోయి మర్లిండు.

ఆ దినం నలభై ఆరుసార్లు పిసికిన.
నూరని రాసిన. దొరికిపోయిన.

రేపు నీలం కవర్లు గావాల్నట,
తిమింగలం చేస్తదట.
"చినిగినయే తేవాలె నాయినా,
మంచియి వద్దు.
చినిగినయే మెత్తగ ఉంటయి."