తాళంచెవి నంబరు నూటపదిహేడు

సోమవారం, ఎనిమిదిన్నర.
డీన్ గారింకా రాలేదు.
ఆవిడ సంతకం కోసం
నీలం ఫైలులో పదకొండు కాగితాలు కాచుక్కూచున్నాయి.
పరీక్ష రాయలేనన్న కుర్రాడి అర్జీ,
వంతెనల ల్యాబ్‌లో కారుతున్న కప్పు,
ఒకే గది కోసం ఇద్దరు ప్రొఫెసర్లు రాసిన
రెండు మర్యాదైన తిట్లు.

న్యూకాజిల్ రేవు ఈ కిటికీలోంచి కనిపించదు,
వినిపిస్తుంది.
బొగ్గు ఓడ కూతేస్తే
నా టీ కప్పులో చిన్న వలయం లేస్తుంది.

గురువారం గుర్తింపు కమిటీ వస్తోంది.
ఐదేళ్లకోసారి దిగే వియ్యాలవారు వాళ్లు.
జవాబుపత్రాలు చూపించాలి,
మంటలార్పే సిలిండర్ల మీద తేదీలు చూపించాలి,
ఏం నేర్పుతామన్నామో అదే నేర్పామని
చూపించాలి.
పద్నాలుగు పెట్టెలు సర్దాను.
పదిహేనోదానికి మూత లేదు.

అప్పుడొచ్చాడు ఆయన.
ఎండకి కమిలిన మెడ, ఇస్త్రీ చొక్కా.
మెర్వ్ పాస్కో అన్నాడు,
హాజరు పిలిచినట్టు కాస్త నిటారుగా నిలబడి.
రుమాలు మడత విప్పి
ఇత్తడి తాళంచెవి ఒకటి నా బల్లమీద పెట్టాడు.
"గరాజ్ సర్దుతుంటే దొరికింది. మీదే."

నూటపదిహేడు.
అలాంటి గది లేదంది కంప్యూటరు.
అలాంటి తలుపు లేదంది.
అసలా భవనమే లేదంది.
ఇనుప బీరువా అడుగున పాత రిజిస్టరు తీశాను,
నేనీ కుర్చీలోకి రాకముందే
మూడు చేతిరాతలు మారిన పుస్తకం.
అందులో ఉంది:
పోతపని షెడ్డు. 1983 మార్చి. ఎం. పాస్కో, టెక్నీషియన్.
ధరావతు, అక్షరాలా పది డాలర్లు.

"ఆ షెడ్డు ఎక్కడండీ?"
కిటికీ వైపు చెయ్యి చాపాడు.
కార్లు. వరసగా కార్లు,
వాటి మీద రాలిన జకరాండా పూలు.
"ఆ తెల్లకారు కింద కొలిమి.
మొదటిరోజు పిల్లలకి ఒక్కటే చెప్పేవాణ్ణి,
తడి అచ్చులో కరిగిన లోహం పొయ్యొద్దని.
ముప్పై ఏళ్లలో ఒక్కడికీ బొబ్బ లేదు."
కొంచెం ఆగి,
"ఒకడికి ఉంది. అదీ టీ కెటిల్‌తో."

తాళంచెవి తిరిగిస్తే ధరావతు తిరిగివ్వాలి.
ఇవ్వాలంటే శాఖ కోడు కావాలి.
లోహశాస్త్ర శాఖ రెండుసార్లు విలీనమై
ఒకసారి పేరు మార్చుకుని
ఇప్పుడే జాబితాలోనూ లేదు.
ఫైనాన్స్‌కి ఫోను చేస్తే లినెట్ నవ్వింది.
నవ్వు ఆపి, "ఫారం పంపు, చూద్దాం" అంది.

డీన్ గారొచ్చారు.
మాగ్‌పై పిట్టలు పొడుస్తాయని
సైకిలు హెల్మెట్ నిండా ప్లాస్టిక్ ముళ్లు.
పన్నెండో కాగితం ముందుపెట్టాను.
చదివారు. మళ్లీ చదివారు.
ఇరవై కోట్ల బడ్జెట్ మీద అరనిమిషంలో సాగే కలం
పది డాలర్ల దగ్గర ఆగింది.
"ఉన్నారా ఇంకా?"
"కిటికీ దగ్గర."

హెల్మెట్ తియ్యకుండానే వెళ్లి ఆయన పక్కన నిలబడ్డారు.
ఏం మాట్లాడుకున్నారో తెలీదు. ఫోను మోగింది,
ఎవరికో రెండు క్లాసులు ఒకే గంటకి పడ్డాయట.
మళ్లీ చూసేసరికి ఆయన గాల్లో
రెండుచేతులా అచ్చు కడుతున్నాడు.
ఈవిడ, ద్రవాల గణితంలో పేరున్న మనిషి,
మొదటిరోజు పిల్లలా తలాడిస్తున్నారు.

డబ్బు రావడానికి ఆరువారాలు పడుతుందన్నాను.
"నాకు నలభై ఏళ్లు పట్టింది," అన్నాడు.
"తొందరేం లేదు."

రిజిస్టరులో ఒక గడి ఖాళీగా ఉంది,
తిరిగి పుచ్చుకున్నవారి సంతకం.
నాది పెట్టాను. తేదీ వేశాను.
తలుపు లేని తాళంచెవిని ఏ కొక్కేనికి తగిలించాలో
ఏ నిబంధనలోనూ లేదు.
మూతలేని పదిహేనో పెట్టెలో
ఫ్యాను గాలికి పై కాగితం లేచి లేచి పడుతోంది.
దాని మీద పెట్టాను.
బరువు చాలదు.
అయినా పెట్టాను.