పది నిమిషాల నది

సుగియే సారెలో తెచ్చింది
ఒక గోడగడియారం, రెండు దోసిళ్ళ ఎండు రొయ్యలు.
పుట్టిల్లు దూరమేం కాదు,
ఫుజి నదికి ఆవలి గట్టు, కంబరా.
వంతెన మీదుగా సైకిలుకి అరగంట.

ప్లగ్గు పెట్టిన మొదటి రాత్రే
గడియారం నడక మందగించింది.
మా గంటకు అది యాభై నిమిషాలే నడిచేది.
"మీ కరెంటుకి నీరసం" అంది.

కంపెనీ మనిషిని, చెప్పక తప్పలేదు.
మా తాతలు పిల్లలుగా ఉన్నప్పుడు
తూర్పువాళ్ళు జర్మనీ యంత్రం కొన్నారు,
పడమటివాళ్ళు అమెరికా యంత్రం.
దానికి సెకనుకు యాభై ఊపులు, దీనికి అరవై.
రెండు ఓడల్లోంచి దిగిన రెండు పెట్టెలు.
వాటి వెనకే స్తంభాలు, తీగలు, బిల్లు పుస్తకాలు,
మీటరు చూసేవాళ్ళు, యూనియన్లు, ఊళ్ళకు ఊళ్ళు.
కలిపేద్దామనుకున్న ప్రతిసారీ
మారాల్సింది ఎవరన్న దగ్గరే ఆగిపోయింది.
ఏరు దాటి కాపురం పెడితే
వాషింగ్ మెషిన్‌కి కప్పీ మార్చాలి.
దేశం ఒకటే. నాడి రెండు.

నాది ఆ రెంటి మధ్య దుబాసీ పని.
ఎగువన, కొండ మలుపులో మా స్టేషను.
కవాటాల్లో పాదరసం మీద
ఊదారంగు మెరుపు ఆడుతుండేది.
అరవై అలల్నీ చదును చేసి
మళ్ళీ యాభైగా మడిచి ఇటు పంపేవాళ్ళం.
రాత్రి డ్యూటీలో లెక్క రాసేవాణ్ణి:
ఇంత వచ్చింది, ఇంత వెళ్ళింది,
దారిలో ఇంత వేడైపోయింది.
వేడైపోయినదాని గురించి
ఏ ఆఫీసరూ అడిగింది లేదు.

ఒకసారి పళ్ళచక్రం కొనుక్కొచ్చాను,
గడియారాన్ని దారిలో పెడదామని.
స్టూలు ఎక్కానో లేదో చెయ్యి పట్టుకుంది.
"ఉండనీ. ఆ పది నిమిషాలూ
మా నాన్న కొట్లో కూర్చుని వస్తాయి."

మూడు రోజులకోసారి, సాయంత్రం ఆరూ నలభైకి,
మా వేళ దాన్ని చుట్టివచ్చి కలిసేది.
ఆ ఒక్క నిమిషం చూడాలని
మా చిన్నది అన్నం గిన్నెతో
గోడ కింద నిలబడేది.

నాకు అరవై నిండి కంపెనీ ఇంటికి పంపిన రోజు
ఎర్ర చొక్కా తొడిగి నవ్వింది సుగియే:
"ఇప్పటికి మా వైపు వచ్చావు."

ఆ మార్చిలో భూమి కదిలింది, సముద్రం లేచింది.
తూర్పున యంత్రాలు ఆగిపోయాయి.
ఇక వంతులవారీ చీకటి. ఆ రాత్రి మా వీధి వంతు.
ఇద్దరం గట్టు మీదికి నడిచాం.
ఇవతల వాడంతా ఆరిన పొయ్యి.
ఆవల కంబరాలో ఒక్క దీపమూ తగ్గలేదు,
రొయ్యల షెడ్లో ట్యూబులైట్లు,
పెట్రోలు బంకు బోర్డు,
ఎవరిదో డాబా మీద మర్చిపోయిన బల్బు.

"అంత ఉంది కదా, మీ దుబాసీలు పంపరేం?"
పంపుతున్నారు, అన్నాను. గొంతు సన్నం.
స్టేషన్లన్నీ కలిసి మోసినా
ఏటిని గరిటెతో తోడినట్టే.
ముప్పై రెండేళ్ళు ఆ గుమ్మంలో కూర్చున్నవాణ్ణి,
ఎంత ఇరుకో కొలతతో సహా తెలిసినవాణ్ణి.
అయినా చీకట్లో పైకి చెబుతుంటే సిగ్గేసింది.
ఆమె ఏమీ అనలేదు.
వాళ్ళ ఊరి వెలుతురు
నీళ్ళ మీద సగం దాకా వచ్చింది.

ఇంటికొచ్చి కొవ్వొత్తి ఎత్తి చూశాం.
నాలుగూ పదికి నిలబడి ఉంది గడియారం.
పదింటికి ఫ్రిజ్ గుర్రుమంది, ముల్లు కదిలింది
ఎప్పటిలాగే, తీరుబడిగా.
సుగియే దాన్ని ముట్టుకోలేదు.
రొయ్యలు వేయించడానికి లేచింది.