ఎనిమిదీ పద్నాలుగు

రాజ్‌విహార్ సెంటర్లో నా బండి ఫోటో తీసిన కానిస్టేబులమ్మా,
నీ పేరు నాకు తెలీదు.
ఫోటో మూలన మసగ్గా నీ బొటనవేలొక్కటే కనబడతాది.

ఆ రాత్రి నిన్ను శానా తిట్టినా.
బాడుగకెక్కినామె బిడ్డకు జ్వరం మందని షాపులోకి పోయింది,
ఇంజనార్పకుండా రెండు నిమిషాలు ఆపినా, అంతే.
బండి కదలకముందే ఓనరు గిడ్డయ్య శెట్టి ఫోను:
"నో పార్కింగంట, రెండొందల ముప్పై ఐదు, నీ జీతంలోనే."
కింద సమయం కూడా ఉండాదని
అప్పుడు నేను చూసుకోలే.

ఆమెను సి.క్యాంపులో దింపి వస్తాంటే
నంద్యాల చెక్‌పోస్టు కాడ గుంపు.
ఎనిమిదిన్నర అయింటాది.
నడుమ మార్కెట్ యార్డు హమాలీ,
భుజానికి ఉల్లిపొట్టు ఇంకా అంటుకోనే ఉంది,
కాలు మాత్రం కాలు మాదిరి లేదు.
ఎత్తుతాంటే ఒకాయన డోరు తీసిపెట్టె.
పుణ్యాత్ముడు, అంతవరకే.

పెద్దాసుపత్రిలో రాసుకునేటాయన తలెత్తకుండా అడిగె:
"ఎవరు తెచ్చినారు?"
"నేనే సార్."
"గుద్దింది?"
"తెలీదు సార్."
"గుద్దకపోతే ఎందుకు తెచ్చినావు?"

పంతొమ్మిదేండ్లు స్టీరింగు పట్టుకున్నా.
ఎనిమిదంకె వేసి చూపించినా, ఎత్తు మీద రివర్సు తీసినా.
ఈ ప్రశ్న ఆర్టీవో ఆఫీసులో అడగలేదప్పా.

తెల్లారేసరికి ముద్దాయినైనా.
ఎఫ్ఐఆర్‌లో సమయం: ఎనిమిదీ పదైదు.
వెనక సీటు మీది నెత్తురు సాక్ష్యం.
అది నేను ఎత్తకపోయింటే ఆడ పడకపోవు.

కోర్టు ఎదురుగా టీ బంకు కాడ
మద్దిలేటి వకీలు కాగితాలన్నీ తిరగేసి
నీ చలానా దగ్గర ఆగినాడు.
గ్లాసు మీద మీగడ కట్టింది.
"ఒరే దస్తగిరీ, ఒక్క నిమిషంలో రాజ్‌విహార్ నుంచి చెక్‌పోస్టుకు
కారు కాదు గదా, కాకి గూడా పోలేదు.
ఈ జరిమానా కట్టు. రసీదు పోగొట్టుకున్నావో, తోలు తీస్తా."
"కడితే తప్పు ఒప్పుకున్నట్టే గదా సార్?"
"ఒప్పుకో. ఆడ ఆపినానని ఒప్పుకుంటేనే
ఈడ గుద్దలేదని తేలేది."

ఇంగొకటి అడిగినా, నోరూరుకోక:
ఆగకూడని చోట నా బండి రెండు నిమిషాలు ఆగింది, చలానా వేసినారు.
ఆ మనిషి చుట్టూ పదైదు నిమిషాలు అంతమంది ఆగినారే,
వాళ్లకు ఏ సెక్షను సార్?
వకీలు గ్లాసు కింద పెట్టి
"టీ లెక్క నువ్వే ఇయ్యి" అనె.

కట్టినా. రసీదు తీసుకోని వార్డుకు పోయినా.
ఉరుకుందు నిద్రపోతాండాడు,
దుప్పటి ఒక పక్క చదునుగా ఉంది.
భార్య ఈరమ్మకు ఫోటో చూపించినా,
"అమ్మా, నేను కాదమ్మా."
ఫోను రెండు చేతుల్తో పట్టుకుని శానాసేపు చూసింది.
నీ బొటనవేలు మరకనుకోని
కొంగుతో తుడవబోయింది.

"నువ్వు కాదని నాకూ తెలుసన్నా.
నువ్వయింటే బాగుండు.
నీ బండికి ఇన్సూరెన్సు ఉండాదంట గదా."

ఇప్పుడు నా పేరు కొట్టేసి
గుర్తు తెలియని వాహనమని రాసినారు.
దానికి నంబరు లేదు, ఓనరు లేడు.
దాని ఫోటో నువ్వు తీయలేదు.

ఏదో అర్జీ పెడితే సర్కారు కొంత ఇస్తాదని వకీలన్నాడు.
ఈరమ్మ వేలిముద్ర నేనే వేయించుకొచ్చినా.
ఎంతొస్తాదో, ఎప్పుడొస్తాదో ఆమె అడగలేదు.
నేను చెప్పలేదు.

కానిస్టేబులమ్మా, ఆ తిట్లు వాపసు తీసుకుంటాండా.
రసీదుకు లామినేషను చేయిస్తామంటే
వేడికి నల్లగైపోతాది వద్దన్నారు,
మడిచి లైసెన్సు వెనక పెట్టుకున్నా.
చెక్‌పోస్టు దగ్గరికొచ్చేసరికి
బండిలో ఎవరున్నా, లేకున్నా
కాలు బ్రేకు మీదికే పోతాది.
ఆడ నో పార్కింగు బోర్డు ఉందో లేదో
ఇంతవరకూ చూసుకోలే.